మెరీనా చెక్కల దారి: నాయినకు సముద్రం చూపించాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం సముద్రం గురించే. సంక్రాంతి సెలవులకు ఎటు పోదామా అని ఇళ్లల్లో మాటలు నడుస్తున్నట్టున్నాయి. మొదటి ఉత్తరానికి చాలా చోటు ఇచ్చాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు. అది చదివాక నాకు వేరే పని తోచలేదు.

ప్రశ్న: అక్కా, మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. మా నాయినకు 63 ఏళ్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ కాళ్లు వంకర తిరిగాయి, నడుము వంగిపోయింది, మెడ కూడా సరిగా తిప్పలేడు. పదేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఉంటున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి బావులు తవ్వే పని చేసేవాడు. ఆయన చూసిన పెద్ద నీళ్లంటే నాగార్జునసాగరే. మొన్న నా కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని "సముద్రం మన సాగరంత ఉంటదారా?" అని అడిగాడు. తర్వాత నాతో "ఒక్కసారి చూపియ్యరాదు బిడ్డా" అన్నాడు. ఆయన నోరు తెరిచి ఏదీ అడగడు అక్కా. చెన్నైలో బీచ్ మీద చక్రాల కుర్చీ పోయేలా చెక్కలతో దారి వేశారని విన్నాను. నిజమేనా? నీళ్ల దాకా పోతుందా? మా చిన్నాయన, మా బావ మాత్రం "గీ వయసుల గంత దూరం ఎందుకు, టీవీల చూపియ్యి" అంటున్నారు. దారిలో ఏమన్నా అయితే నాదే తప్పవుతుందని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తీసుకెళ్లు తమ్ముడూ. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, మిగతావన్నీ ఎలా తీసుకెళ్లాలన్న సంగతులే. టీవీలో చూపించమన్నవాళ్ల మీద నాకు కోపం వచ్చింది. వాళ్లకు ఆయన మీద ప్రేమ లేదని కాదు, భయంతోనే అని ఉంటారు. కానీ కాళ్లు బాగున్న మనం ఎన్నిసార్లు తిరుపతికి పోయాం, ఎన్ని పెళ్లిళ్లకు పోయాం, ఆయన ఎన్నిసార్లు ఇంటి ముందు అరుగు దగ్గరే ఆగిపోయి మనకు చెయ్యి ఊపాడో లెక్కపెట్టుకుంటే ఆ మాట నోట రాదు.

చెక్కల దారి నిజమే. చెన్నై మెరీనాలో, వివేకానంద ఇల్లం అనే భవనం ఎదురుగా ఉంది. 2022 నవంబరు చివర్లో తెరిచారు. పొడవు 263 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, అంటే రెండు చక్రాల కుర్చీలు పక్కపక్కనే పోవచ్చు. పక్కన పట్టుకోవడానికి కమ్మీలు ఉంటాయి. తెరిచి రెండు వారాలు తిరక్కముందే మాండూస్ తుపాను వచ్చి దాని చివరి భాగాన్ని దెబ్బతీసింది, తర్వాత బాగుచేసి మళ్లీ తెరిచారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే అది సముద్రం పక్కన ఉన్న కట్టె, గట్టి గాలివాన వచ్చిన ప్రతిసారీ దానికి ఏదో ఒకటి అవుతుంది. బయలుదేరే వారం చెన్నైలో తెలిసినవాళ్లు ఎవరున్నా వెళ్లి చూసి చెప్పమని అడుగు. మన జిల్లాల నుంచి చెన్నైలో చదివే పిల్లలూ ఉద్యోగాలు చేసే పిల్లలూ లేని ఊరు ఉందా? ఒక ఫోటో పంపమంటే చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు, తుపాన్ల కాలం, అప్పుడు వద్దు. జనవరి, ఫిబ్రవరి మంచివి. ఏప్రిల్, మే నెలల ఎండ మన నల్గొండ వాళ్లకు కొత్త కాదు గానీ అక్కడి ఉక్కపోత వేరు, ఆయన తట్టుకోలేడు.

ఈ దారి ఎంత పనికొచ్చేదో ఇసుకలో ఒకసారి కుర్చీ తోసి చూసినవాళ్లకు తెలుస్తుంది. మెరీనాలో రోడ్డుకూ నీళ్లకూ మధ్య రెండు మూడు వందల మీటర్ల ఇసుక. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, బరువంతా వాటి మీద పడగానే ఇసుకలో దిగబడిపోతాయి. బలం కొద్దీ తోస్తే మనిషి ముందుకు తూలుతాడు. ఇదివరకు కాళ్లు లేనివాళ్లు, ముసలివాళ్లు రోడ్డు పక్క నుంచే చూసి వెళ్లిపోయేవాళ్లు. అక్కడి నుంచి కనిపించేది దూరంగా ఒక నీలం గీత, అంతే.

ఇక నువ్వు అడిగిన రెండో మాట, నీళ్ల దాకా పోతుందా అని. ఇక్కడ నా సొంత సంగతి చెప్పాలి.

మా అత్తమ్మది చండూరు దగ్గరి ఊరు. ఆమెకూ అదే జబ్బు, మోకాళ్లు వంగవు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండేళ్ల కింద జనవరిలో ఆమెను మెరీనాకు తీసుకెళ్లాం. దిగడానికి ఒక హోటల్ వాళ్లతో ఫోన్లో మాట్లాడితే వీల్‌చైర్ లోపలికి వస్తుందన్నారు. తీరా వెళితే ముందు మూడు మెట్లు, లోపల లిఫ్ట్ ముందు ఇంకో మెట్టు, బాత్రూమ్ తలుపు కుర్చీ కంటే సన్నం. రాత్రంతా రైల్లో వచ్చిన మనిషి ఆ మెట్ల ముందు కూర్చుని "నా మూలంగా మీకు తిప్పలు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చిన పనికంటే ఆ మాటే మాకు బరువైపోయింది. అందుకే చెబుతున్నా, వీల్‌చైర్ వస్తుందా అని అడగొద్దు. మెట్లు ఎన్ని, బాత్రూమ్ తలుపు ఎన్ని అంగుళాలు, కమోడ్ ఉందా, ఈ మూడూ అడుగు. ఫోటోలు వాట్సాప్‌లో పెట్టమను. పెట్టకపోతే ఇంకో హోటల్ చూసుకో.

మర్నాడు పొద్దున ఐదున్నరకే బీచ్‌కు వెళ్లాం. చెన్నై తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం వెళితే వెనక బిల్డింగుల మీద మునుగుతాడు. పైగా సాయంత్రాలు, ముఖ్యంగా ఆదివారం, జనం విపరీతం. పొద్దున వాకింగ్ వాళ్లు తప్ప ఎవరూ ఉండరు. చెక్కల మీద అక్కడక్కడా గాలికి ఇసుక పేరుకుని ఉంది, సగం దారిలో ముందు చక్రాలు ఇరుక్కున్నాయి. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుండేలా లాక్కుంటూ పోతే సులువుగా కదిలింది. ఇది గుర్తుపెట్టుకో తమ్ముడూ, ఇసుక తగిలిన చోటల్లా కుర్చీని వెనక్కి తిప్పి లాగాలి, ముందుకు తోయకూడదు.

దారి చివర ఒక వేదికలా ఉంటుంది. అక్కడి నుంచి సముద్రం బాగా కనిపిస్తుంది, చప్పుడు వినిపిస్తుంది, తుంపర మొహం మీద పడుతుంది. కానీ నీళ్లు కాళ్లకు తగలవు, ఆటుపోట్లకు దారి కొట్టుకుపోకుండా దాన్ని కాస్త ఇవతలే ఆపారు. మేం అక్కడ ఆగి చాలా సంతోషపడ్డాం, ఫోటోలు దిగాం, ఇక పోదామా అనుకున్నాం. అత్తమ్మ మాత్రం ఆ నీళ్లనే చూస్తూ కూర్చుంది. "ఇక్కడికి చాలా అత్తమ్మా?" అని అడిగాను. "ఉప్పగుంటయా కాదా, నాలిక మీద పెట్టుకుని చూడాలె" అంది.

అప్పుడు నాకు సిగ్గేసింది. బతుకంతా నీళ్ల రుచి చూసి బతికిన మనిషి ఆమె. ఏ బోరు నీళ్లు చప్పన, ఏ బావి నీళ్లు ఉప్పన, ఏ నీళ్లతో పప్పు ఉడకదు, అన్నీ నాలుక మీదే తెలుసు. ఆ మనిషిని సముద్రం ముందుకు తెచ్చి, చూశావు కదా ఇక పద అంటున్నాం. మా ఆయన, మా మరిది, అక్కడ పొద్దున పరిగెత్తుతున్న ఇద్దరు కుర్రాళ్లు, నలుగురూ కుర్చీని నాలుగు మూలలా పట్టుకుని తడి ఇసుక దాకా మోశారు. ఆ కుర్రాళ్లకు తెలుగు రాదు, మాకు తమిళం రాదు, ఏ ఇబ్బందీ కాలేదు. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ కుర్చీ నిలబడుతుంది. బ్రేకులు వేసి ఇద్దరం వెనక గట్టిగా పట్టుకున్నాం. అల వచ్చి ఆమె పాదాల మీద నుంచి పోయింది. దోసిట పట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, "థూ, ఇన్ని నీళ్లుండి ఒక్కరు తాగటానికి లేదు" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక నేను వెతికి చదివితే తెలిసింది, మామూలు సముద్రపు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములే ఉంటుందట. తాగే నీళ్లకు మన దేశంలో పెట్టిన గరిష్ఠ హద్దు 1.5. మన మర్రిగూడ, మునుగోడు వైపు పాత బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఉప్పని సముద్రం కంటే మన మంచినీళ్ల బోరులోనే ఆ విషం ఎక్కువ. మీ నాయినకు ఈ సంగతి చెప్పు, బావులు తవ్వినవాడు, ఆయనకు తెలియాలి.

కాబట్టి దారి చివర ఆగినప్పుడు నువ్వే నిర్ణయం తీసేసుకోకు, ఆయననే అడుగు. అక్కడి దాకా చాలంటే చాలు. కాళ్లు తడపాలంటే మాత్రం ముందే సిద్ధపడి వెళ్లాలి, మోయడానికి నలుగురు మగవాళ్లు కావాలి. మెడ, వెన్ను పట్టేసిన ఫ్లోరైడ్ మనిషిని చంకల కింద చేతులు పెట్టి లేపకూడదు, చేతులు పట్టి గుంజకూడదు. ఎముక చూడ్డానికి గట్టిగా ఉన్నా పెళుసుగా ఉంటుంది, వెన్నులో నరాలు నొక్కుకుపోయే ప్రమాదం ఉంటుంది. మనిషిని కాదు, కుర్చీతో సహా మోయాలి. నడుముకు, ఛాతీకి మెత్తటి తువ్వాలు కట్టి కుర్చీకి బిగించండి. బయలుదేరే ముందు ఆయనను చూసే డాక్టరును ఒకసారి కలువు, మెడ కింద నరాల ఇబ్బంది ఉందేమో అడుగు. చేతుల్లో తిమ్మిర్లు పెరుగుతున్నా, మూత్రం ఆగకపోతున్నా అది చూపించుకోకుండా ప్రయాణం పెట్టుకోవద్దు.

ఆటుపోట్ల సంగతి కూడా ఉంది. నీళ్లు రోజుకు రెండుసార్లు పైకి వస్తాయి, రెండుసార్లు వెనక్కి పోతాయి, ఆ వేళ ప్రతిరోజూ ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు సమయంలో వెళితే నీళ్లు దారికి దగ్గరగా ఉంటాయి, మోయాల్సిన దూరం తగ్గుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఇంకా పెద్దది, ఆ రోజుల్లో అల ఊపు కూడా ఎక్కువే, కుర్చీతో నీళ్ల దగ్గరికి పోవద్దు. చెన్నై పోటు సమయాలు ఫోన్లో దొరుకుతాయి. ఆటు పోటు అన్న మాట పుస్తకంలో చదివి వదిలేసినవాళ్లమే అందరం, అక్కడికి పోతే అది గంటల లెక్క అని తెలుస్తుంది.

ప్రయాణానికి బస్సు వద్దు, గతుకులకు ఆయన వెన్ను ఆగదు. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా గుంటూరు, నెల్లూరు దారిలో రాత్రిపూట చెన్నైకి ఎక్స్‌ప్రెస్ ఉంది, సమయం చూసుకుని కింది బెర్తు తీసుకో. మీ నాయిన తోడు లేకుండా ప్రయాణం చేయలేడు కాబట్టి దివ్యాంగుల రాయితీ వస్తుంది, స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం, తోడు వచ్చే ఒకరికి కూడా అంతే. దీనికి వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ చూపిస్తే చాలదు, రైల్వే వాళ్ల దివ్యాంగుల కార్డు ముందే తీయించుకోవాలి, ఆ కార్డు నంబరుతో రాయితీ టికెట్ తీసుకోవచ్చు. ఈ కార్డు సంగతి తెలియక ఎంతమంది పూర్తి చార్జీ పెట్టుకుంటున్నారో నాకు వచ్చే ఉత్తరాలను బట్టి తెలుస్తోంది, ఊళ్లో మిగతావాళ్లకు కూడా చెప్పు. మూత్రం పోసుకోవడానికి ప్లాస్టిక్ క్యాన్, రెండు పాత దుప్పట్లు, ఆయన మందులు చేతి సంచిలో ఉండాలి. బాత్రూమ్‌కు పోలేనేమోనన్న భయంతో చాలామంది పెద్దవాళ్లు రైలెక్కే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. అది ప్రమాదం. క్యాన్ ఉందని ఆయనకు ముందే చూపించు.

ఇంకొకటి. మీ నాయిన కాయకష్టం చేసిన మనిషి కాబట్టి చెబుతున్నా. మెరీనా రోడ్డు పక్కనే, ఉత్తరం వైపు నేపియర్ వంతెనకు దగ్గరగా, శ్రామికుల విగ్రహం ఉంది. నలుగురు మనుషులు ఒక పెద్ద బండను కదిలిస్తుంటారు, నరాలు తేలి కనిపిస్తాయి. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శిల్పం, 1959లో పెట్టారు. మన దేశంలో మొట్టమొదటి మే డేను కార్మిక నాయకుడు సింగారవేలర్ 1923లో జరిపింది కూడా ఈ తీరంలోనే. ఆటోలోంచి దిగకుండా కూడా చూడొచ్చు. బండను కదిలించడం అంటే ఏమిటో మనకంటే ఆయనకే బాగా తెలుసు, ఆయన ఏమంటాడో విను.

అక్కడ హోటల్లో గ్లాసు నీళ్లు ఇచ్చినప్పుడు ఇంకో మాట చెప్పు. చెన్నై తాగే నీళ్లలో కృష్ణా నీళ్లు కూడా ఉన్నాయి. 1983లో ఒప్పందం చేసుకుని, శ్రీశైలం నుంచి తెలుగుగంగ కాలువల ద్వారా 1996లో మొదటిసారి పంపారు. మన ఊళ్లకు మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లాలు రావడానికి చాలా ముందు. ఆయన సాగర్‌లో చూసిన ఏరే అది.

వెళ్లొచ్చాక నాకు ఉత్తరం రాయి. సాగరంత ఉందో లేదో ఆయన మాటల్లోనే రాయి.

ప్రశ్న: మేం దేవరకొండ డిగ్రీ కాలేజీలో చదువుతున్నాం, ఆరుగురం స్నేహితులం. మాకు ఈత బాగా వచ్చు, చిన్నప్పటి నుంచి బావుల్లో దూకినవాళ్లం. మెరీనాలో ఈత కొట్టొచ్చా?

జవాబు: వద్దు నాయనా. మెరీనాలో స్నానాలకు అనుమతి లేదు, పోలీసులు వెనక్కి పంపిస్తారు. పంపించకపోయినా దిగొద్దు. బావి ఈత వేరు, సముద్రం వేరు. బావిలో నీళ్లు కదలవు. అక్కడ ఒడ్డు దగ్గరే నేల ఒక్కసారిగా లోతవుతుంది, పైకొచ్చిన అల తిరిగిపోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. మెరీనాలో మునిగిపోయినవాళ్లలో మీ వయసు పిల్లలే ఎక్కువ. ఎక్కడైనా ఎప్పుడైనా సముద్రం లోపలికి లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ లాగుడు తగ్గుతుంది, అప్పుడు ఒడ్డుకు తిరగండి. చెయ్యి పైకెత్తి అరవడానికి సిగ్గుపడకండి. మోకాళ్ల దాకా తడుపుకుని, బఠాణీ సుండల్ తినండి. మన గుగ్గిళ్లే, పైన కొబ్బరి, పచ్చి మామిడి ముక్కలు వేసి కాగితంలో పెట్టిస్తారు. అది బాగుంటుంది.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గరి తండా. మా అన్న పదిహేనేళ్లుగా ముంబైలో బిల్డింగ్ పనికి పోతున్నాడు. ఈసారి పిల్లలతో మేమే ఆయన దగ్గరికి పోతున్నాం. మెరైన్ డ్రైవ్ చూడాలని పిల్లల కోరిక. డబ్బులు పెద్దగా లేవు. ఎలా చూడాలి?

జవాబు: మెరైన్ డ్రైవ్‌కు టికెట్టు లేదమ్మా, అది రోడ్డు పక్కన సముద్రం వెంట ఉన్న పెద్ద ఫుట్‌పాత్, మూడున్నర కిలోమీటర్ల పొడవు. పక్కన వెడల్పాటి గోడ లాంటి గట్టు ఉంటుంది, ఎంతసేపైనా కూర్చోవచ్చు. లోకల్ రైల్లో చర్చ్‌గేట్ దాకా వచ్చి కాస్త నడిస్తే చాలు. ముంబై పడమటి తీరం కాబట్టి సాయంత్రం నాలుగున్నరకు చేరుకోండి, సూర్యుడు నీళ్లలో మునిగేది చూసి, దీపాలు వెలిగాక కూడా అరగంట ఉండండి. ఆ వంపు మొత్తం దీపాల దండలా కనిపిస్తుంది, రాణిగారి కంఠహారం అని అందుకే అంటారు. ఆ రోడ్డు సముద్రాన్ని పూడ్చి తీసిన నేల మీద వేసింది. పక్కనున్న గుండ్రటి మూలల పాత భవనాలు 2018లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చాయి.

పిల్లలను గట్టు అవతలికి మాత్రం దిగనివ్వొద్దు. అల బలం విరగడానికి నాలుగు కొమ్ముల కాంక్రీటు దిమ్మెలు గుట్టగా పోసి ఉంటారు, ఫోటోల కోసం వాటి మీదికి ఎక్కుతుంటారు. పాచి పట్టి జారుతాయి, సందుల్లో పడితే పైకి రావడం కష్టం. పిల్లలు ఇసుకలో ఆడుకోవాలంటే ఉత్తరం చివర గిర్గావ్ చౌపాటీ ఉంది. వానాకాలంలో పోటు హెచ్చరిక ఉన్న రోజు అటు పోనే పోవద్దు, అల గట్టు దాటి రోడ్డు మీద పడుతుంది.

మీ అన్నను కూడా తీసుకెళ్లండి. మీరు రాయలేదు గానీ నాకు అనుమానం, పదిహేనేళ్లలో ఆయన అక్కడికి కూర్చోవడానికి పోయి ఉండడు. మా ఊరి వైపు నుంచి బొంబాయి బస్సు ఎక్కినవాళ్లను అడిగితే ఇదే మాట, పని చోటు, గది, మళ్లీ పని చోటు. పాలమూరు కూలీల చెమట పడని పెద్ద పని ఆ ఊళ్లో ఎంతని ఉంటుంది? పిల్లలకు చూపించే నెపంతో ఆయన ఒక సాయంత్రం సెలవు పెట్టుకోవాలి. కూలి పోతుందంటాడు, ఒప్పించండి.

ప్రశ్న: మిర్యాలగూడ నుంచి రాస్తున్నాను. చెన్నై కంటే వైజాగ్ దగ్గర కదా, భాష బాధ కూడా లేదు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, చేతికర్రతో నడుస్తుంది. వైజాగ్ బాగుంటుందా?

జవాబు: చేతికర్రతో నడిచేవాళ్లకు వైజాగే నయం. జన్మభూమి ఎక్స్‌ప్రెస్ మీ ఊరి మీదుగానే పగలు పోతుంది, రాత్రికైతే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఆర్కే బీచ్‌లో సముద్రం రోడ్డుకు దగ్గర, మెరీనాలా పొడుగాటి ఇసుక దాటాల్సిన పని లేదు, ఫుట్‌పాత్ మీద కూర్చునే చూడొచ్చు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద కొంతసేపు బండ్లు ఆపేస్తారు, అమ్మ నిమ్మళంగా నడవొచ్చు. అక్కడ బీచ్ దగ్గర మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి లోపలికి మాత్రం అమ్మను ఎక్కించొద్దు. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన ఓడ అది, లోపల గది నుంచి గదికి గుండ్రటి సన్నని ద్వారాల్లోంచి వంగి దాటాలి. మీరు చూసి రండి, ఆమె బయట నీడలో కూర్చుంటుంది. ఎవరో ఒకరు ఆమె పక్కన ఉండండి.

ప్రశ్న: అచ్చంపేట నుంచి. మేం చెన్నై పోతున్నాం. మా అవ్వకు 85 దాటాయి, మంచం దిగలేదు, ఆమెను తీసుకెళ్లే పరిస్థితి లేదు. సముద్రం దగ్గర నుంచి వీడియో కాల్ చేద్దామంటే ఆమెకు చూపు కూడా తక్కువే. ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు: చెవులు పనిచేస్తున్నాయా? అయితే చప్పుడు తీసుకురండి. వీడియో కాల్‌లో గాలి హోరు తప్ప ఏమీ వినిపించదు. ఫోన్‌ను ఒక మనిషి ఒంటిచాటున, గాలి తగలకుండా పెట్టి, ఎవరూ మాట్లాడకుండా ఐదు నిమిషాలు రికార్డు చేయండి. అల వచ్చేటప్పుడు ఒక చప్పుడు, వెనక్కి పోయేటప్పుడు ఇంకో చప్పుడు, రెండూ పడాలి. తిరిగొచ్చాక మంచం పక్కన కూర్చుని వినిపించండి.

దానితో పాటు ఒక సీసాలో సముద్రం నీళ్లు, గుప్పెడు ఇసుక. మా అత్తమ్మ కూడా వచ్చేటప్పుడు తన చెల్లెలి కోసం లీటరు సీసా నింపించింది. ఆమె చెల్లెలు ఆ నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, మొహం చిట్లించి, ఆ సీసాను దేవుడి గూట్లో పెట్టుకుంది. ఒడ్డున నురుగు ఉన్న చోట కాకుండా కాస్త ముందుకెళ్లి పట్టండి, లేకపోతే సగం ఇసుకే వస్తుంది. మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించండి, రైల్లో సంచిలో నిలబెట్టి తీసుకురండి.